మూడు వండర్‌లాలు, ఒక సామాన్ బెంచీ

ఈద్ దగ్గరపడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "భాయ్, మీరు మూడూ చూశారు కదా, ఏది బాగుంటుంది? పిల్లలు ప్రాణం తీస్తున్నారు." మూడూ అంటే కొచ్చిన్, బెంగళూరు, హైదరాబాద్ వండర్‌లాలు. మా ఖాందాన్‌లో మూడింటికీ వెళ్లొచ్చిన ఇల్లు మాది ఒక్కటే. దాంతో ఈ ఒక్క మసలాలో నేను ముఫ్తీనైపోయాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తుంటాను గానీ, అసలు చెప్పాల్సింది అలా నిలబడి చెప్పేది కాదు.

ముందు కంపెనీ సంగతి. మన ఇళ్లల్లో ఫ్రిజ్ వెనక గోడకు వేలాడుతూ ఉంటుందే వీ-గార్డ్ స్టెబిలైజరు, ఆ కంపెనీని 1977లో కొచ్చిన్‌లో పెట్టిన కొచ్చౌసేఫ్ చిట్టిలప్పిళ్లి గారే 2000లో అక్కడి పళ్లిక్కరలో ఒక గుట్ట మీద ఈ పార్కు తెరిచారు. అప్పుడు దాని పేరు వీగాల్యాండ్. 2005లో బెంగళూరు దగ్గర, మైసూరు రోడ్డులో బిడది పక్కన రెండోది వచ్చింది, వండర్‌లా అనే పేరుతో. తర్వాత కొచ్చిన్‌ది కూడా ఆ పేరులోకే మారింది. మనది 2016 ఏప్రిల్‌లో, రావిర్యాలలో. ఆ తర్వాత భువనేశ్వర్‌లోనూ చెన్నైలోనూ వచ్చాయి గానీ, కళ్లతో చూడలేదు కాబట్టి వాటి ఊసెత్తను.

అక్కచెల్లెళ్లే అయినా ముగ్గురివీ మూడు మిజాజులు. కొచ్చిన్‌ది పెద్ద ఆపా. గుట్ట మీద ఇల్లు, చుట్టూ చెట్లు, ఎక్కడికి పోవాలన్నా ఎక్కుడో దిగుడో. 90 ఎకరాల పైచిలుకు స్థలంలో జూలాలు ఉన్నది మూడో వంతే. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు సాయంత్రానికి "యా అల్లాహ్" అంటారు. నీడ మాత్రం పుష్కలం. బెంగళూరుది మంఝలీ. 80 ఎకరాల పైన ఉంటుంది, ఊరిలాగే దానికీ చల్లటి గాలి. ఎత్తైన కట్టడం నెత్తిన జెయింట్ వీల్ పెట్టారు, లిఫ్టులో పైకి పోయి అక్కడ ఎక్కాలి. మనది ఛోటీ. 50 ఎకరాల దాకా చదునైన నేల. పార్కు వయసే తక్కువ, చెట్ల వయసూ అంతే. ఏప్రిల్, మేలో మిట్టమధ్యాహ్నం నడిస్తే కాళ్ల కింద పెనం మీద నడిచినట్టే.

జూలాల మాటకొస్తే పెద్ద తేడా ఏమీ లేదు. కొన్ని బయటి దేశాల నుంచి తెప్పించినవి, కొన్ని వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నవి. రీకాయిల్ అనే ఆ దెయ్యం బండి మూడు చోట్లా ఉంది. ముందు వెనక్కి లాక్కుంటూ ఎత్తుకు తీసుకుపోతుంది, వదిలేస్తుంది. మూడుసార్లు తలకిందులై అవతలి ఎత్తు ఎక్కుతుంది. హమ్మయ్య అనుకునేలోపు అదే దారిలో వెనక్కి, మళ్లీ మూడుసార్లు తలకిందులు. నాకు వచ్చిన దువాలన్నీ ఆ రెండు నిమిషాల్లో చదివేశాను. మా అబ్బాయి దిగి మళ్లీ లైన్లో నిలబడ్డాడు.

ఇంకో తేడా ఉంది, అది మనకు మాత్రమే తెలిసేది. కొచ్చిన్, బెంగళూరుల్లో మేం ముసాఫిర్లం, జుహర్ రెండే రకాతులు. రావిర్యాలలో పూర్తి నాలుగు. "అబ్బా, నమాజ్ లెక్కన చూస్తే కొచ్చినే నయం, జూలాకి టైం మిగుల్తది" అన్నాడు మావాడు. వాడి మాటకు నవ్వాలో కసురుకోవాలో తెలియక జానమాజ్ దులిపి మడత పెట్టుకున్నాను.

ఇక ఫోన్లో చెప్పలేనిది. చాంద్రాయణగుట్ట మీదుగా రావిర్యాల పోతుంటే దారిలో పహాడీ షరీఫ్ వస్తుంది. మా చిన్నప్పుడు ఇంటి ఆడవాళ్ల తఫ్రీ అంటే అదే, లేకపోతే జహంగీర్ పీరాఁ దర్గా. ట్రక్కు మాట్లాడుకుని, దేగ్‌లు, కట్టెలు, దరీలు, మసాలా డబ్బాలు అన్నీ ఎక్కించేవాళ్లు. జియారత్ అయ్యాక మగవాళ్లు చెట్టు కింద పడుకునేవాళ్లు, పిల్లలు బండరాళ్ల మీద జారేవాళ్లు, అమ్మీ, ఖాలాలు, ఫుప్పూలు పొగలో కూర్చుని కందూరీ వండేవాళ్లు. ఇంట్లో వండే వంటే, కాకపోతే ఆకాశం కింద. దాన్నే పిక్నిక్ అనేవాళ్లం.

వండర్‌లాలో బయటి తిండి రానివ్వరు. దీనికి మనవాళ్లు చేసినంత షికాయత్ ఇంకెవరూ చేసి ఉండరు. "ఖీమా, పరాటా తీసుకుపోనివ్వకపోతే ఇదేం పార్కు?" అని మా పెద్ద బావగారు ఇప్పటికీ అంటారు. హలాల్ విషయంలో ఏ చిన్న షక్ వచ్చినా మేం వెజ్‌తో సరిపెట్టుకుంటాం, ఒక్క పూటకు ఏమీ కాదు. నాకు మాత్రం ఆ రూల్ భలే నచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్లు ఫజర్‌కి ముందే లేచి పరాటాలు కాల్చకుండా బయలుదేరిన మొదటి తఫ్రీ అది.

వంట తప్పింది గానీ బెంచీ తప్పలేదు. 2017లో రావిర్యాల వెళ్లినప్పుడు వేవ్ పూల్ ఒడ్డున చూశాను. వరసగా బెంచీలు, వరసగా నల్ల బుర్ఖాలు. ఒక్కొక్కరి ఒడిలో నాలుగేసి సంచులు, కాళ్ల దగ్గర చెప్పుల గుట్ట, మెడలో ఇంటిల్లిపాది ఫోన్లు. మా ఆవిడ కూడా అందులోనే. "సామాన్ మైఁ దేక్తియూఁ, ఆప్ లోగాఁ జావో." పొద్దున పదకొండు నుంచి సాయంత్రం దాకా ఆమె చూసింది సామానే. టికెట్ మాత్రం రీకాయిల్ ఎక్కినవాళ్లకూ బెంచీ మీద కూర్చున్నవాళ్లకూ ఒకటే. సామాన్‌కు లాకర్లున్నాయి. ఆ అద్దె దండగ అని ఇంటికో మనిషిని, అదీ టికెట్ కొన్న మనిషిని, లాకర్‌గా నిలబెట్టే హిసాబ్ మనవాళ్లది.

లాకర్ ఒక్కటే కారణం కాదనుకోండి. నీళ్లలోకి దిగాలంటే నైలాను, పాలిస్టర్ లాంటి బట్టే ఉండాలి, నూలు బట్టతో దిగనివ్వరు. నూలు నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, దాని పోగులు నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి, వదులు బట్ట జారుడుబల్ల మీద చిక్కుకుంటుంది. మూడు పార్కుల్లోనూ అదే రూల్. నిలువెల్లా కప్పే నైలాను సూట్ అనేది ఒకటుంటుందని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. షల్వార్ కమీజ్‌తో దిగకూడదు, ఇంకోటి వేసుకోలేదు. మిగిలింది బెంచీ.

2019లో బెంగళూరులో కొంచెం నయం. నా సాలీ అక్కడే ఉంటుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ హిజాబ్‌కు పిన్నులు బిగించుకుని పైనున్న ఆ జెయింట్ వీల్ ఎక్కారు. కింద నిలబడ్డ మాకు వాళ్ల కేకలు వినపడలేదు గానీ, దిగొచ్చాక ఇద్దరి గొంతులూ బొంగురుపోయి ఉన్నాయి. సాలీ అత్తగారు మాత్రం ముఖం తిప్పుకుని "బాల్‌బచ్చేవాలియాఁ కూ జూలా క్యా కీ" అని సణిగింది. నీళ్ల వైపు వచ్చేసరికి ఇద్దరూ మళ్లీ బెంచీ ఎక్కారు. ఒక్కరుంటే కాపలా, ఇద్దరుంటే మెహఫిల్, కాబట్టి ఆ రోజు మా ఆవిడకు బాగానే గడిచింది.

2023 అక్టోబరులో నాకు ఎర్నాకుళంలో పని పడితే అందరం శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పళ్లిక్కర గుట్ట మీద నేను ముందు చూసింది వేవ్ పూల్ ఒడ్డునున్న బెంచీనే. దాని మీద ఒక పెద్దాయన మలయాళం పేపరు చదువుకుంటున్నాడు, అంతే. ఆయన పక్కన సంచులు కూడా లేవు. ఆయన వాళ్లది మలప్పురం నుంచి వచ్చిన కుటుంబం, పన్నెండు మందో పదముగ్గురో. అందులో ఆడవాళ్లు ఆరుగురు, అందరూ నీళ్లలోనే. ముంజేతుల దాకా, మడమల దాకా ముదురు నీలం సూట్లు, పైన మోకాళ్ల దాకా వదులు కుర్తా లాంటిది, తలకు కలిపి కుట్టిన టోపీ. అరవై దాటిన ఉమ్మ ఒకామె లాకర్ తాళం చేతికి కట్టుకుని, నడుంలోతు నీళ్లలో అల వచ్చినప్పుడల్లా కోడలి భుజం పట్టుకుని ఎగురుతోంది.

మా ఆవిడ అరగంట పాటు వాళ్లనే చూస్తూ కూర్చుంది. కోడలు బయటికి రాగానే లేచి వెళ్లి సలాం చెప్పింది. ఆ అమ్మాయి దుబాయ్‌లో ఆరేళ్లుండి వచ్చిందట, దుబాయ్ హిందీ ధారాళంగా మాట్లాడుతోంది. ఇద్దరూ ఆ సూట్ అంచు పట్టుకుని, లోపలి కుట్టు తిరగేసి చూసి, ఎక్కడ కొన్నది, ఎంత పడ్డది, తడిస్తే ఒంటికి అతుక్కుంటుందా, అన్నీ మాట్లాడుకున్నారు. నేను దూరంగా నిలబడి వింటున్నాను. మన దగ్గర మసీదు హౌజ్ వుజూకు మాత్రమే. కేరళలో పాత మసీదుల పక్కన కొలనులుండేవి, నదులు, బ్యాక్‌వాటర్ ఇంటి గుమ్మంలోనే. నీళ్లంటే వాళ్లకు బెరుకు లేకపోవడానికి అదీ ఒక కారణమేమో అనుకున్నాను. పర్దా అక్కడా ఉంది. నీళ్లతో దానికి తగాదా లేదు.

ఆ రోజు మా ఆవిడ దిగలేదు, బట్ట లేదుగా. తిరుగు ప్రయాణంలో, పిల్లలు పై బెర్తుల్లో నిద్రపోయాక, కిటికీ వైపు చూస్తూ అంది: "నాకు ఈతొచ్చు."

పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఆ మాట నేను వినడం అదే మొదలు. వాళ్లది కర్నూలు, ఇల్లు కె.సి. కెనాల్‌కు దగ్గర. అన్నలతో కలిసి కాలవలో ఈత నేర్చిందట. పదకొండో ఏట ఒకరోజు తడి జుట్టుతో ఇంటికొస్తే వాళ్ల నానీ టవల్ ఇచ్చి, "బస్ బేటీ, అబ్ బస్" అందట. తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత కాలవ గట్టు మీద అన్నల చొక్కాలు పట్టుకుని కూర్చునేదట. "అప్పట్నుంచీ సామాన్ నా దగ్గరే," అని నవ్వింది. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు. ఏదో స్టేషన్‌లో టీ వస్తే రెండు తీసుకున్నాను.

సూట్ వచ్చింది. ముదురు మెరూన్ రంగు. మొదటిసారి వేసుకున్నది హైదరాబాద్ బయట ఒక రిసార్టులో, మా తమ్ముడి ఆఫీసు వాళ్ల ఫ్యామిలీ డే నాడు. పూల్ దగ్గరున్న కుర్రాడు "ఈ డ్రెస్‌తో అలౌడ్ కాదు మేడమ్" అన్నాడు. ఇదీ నైలానే, చూడు అన్నాను. చూడలేదు, మేనేజర్‌ని పిలిచాడు. ఆయనా చూడలేదు. పొట్టి నిక్కర్ ఎవరు వేసుకొచ్చినా బట్ట ఏదని అడగని చోట ఈ ప్రశ్న మాకే వచ్చింది. నేను గొంతు పెంచబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "తమ్ముడి ఆఫీసు వాళ్లున్నారు." సూట్ అల్మారీలోకి పోయింది. ఫినాయిల్ గోళీల వాసన పట్టింది.

రావిర్యాలకు మళ్లీ 2024 ఫిబ్రవరిలో, అదీ మంగళవారం, గేటు తెరిచే టైముకే పోయాం. ఆ రోజును ఏరుకున్నది ఆమే. బాసీ ఈద్ జనంలో తను దిగదు. బట్ట సంగతి తేలినా ఫోన్ల భయం ఒకటుంది, నీళ్లలోకి కూడా ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని తెస్తారు. అది ఉత్తి వహమ్ కాదు, ఇంట్లో ఆడపిల్లలున్న ఎవరికైనా తెలుసు. పూల్ దగ్గరున్న అమ్మాయి సూట్ అంచు రెండు వేళ్లతో పట్టి చూసి, "ఓకే మేడమ్" అంది. రెండు సెకన్ల పని. మా ఆవిడ మెల్లగా, నీళ్లు మోకాళ్లకు, నడుముకు, భుజాలకు వచ్చేదాకా నడిచింది. అలలు మొదలవుతున్నాయని గంట మోగింది. మొదటి అల వచ్చేసరికి ఆమె వెల్లకిలా తేలుతోంది.

"అమ్మీకు తైర్నా ఆతా?" అన్నాడు మావాడు నోరు తెరిచి. పద్నాలుగేళ్ల కూతురు అప్పటికే అమ్మీ పక్కకు చేరి, మోచేతులు ఎలా పెట్టాలో అడుగుతోంది. జుహర్ వేళకు నీళ్లలోంచి వస్తూ తల్లీకూతుళ్లు వాదన వేసుకున్నారు. ముఖం, చేతులు, తల, కాళ్లు అన్నీ తడిశాయి కాబట్టి వుజూ అయినట్టేనని కూతురు. ఫర్జ్ అదా అయితే అయ్యిందేమో, సున్నత్ సంగతేంటి, కుళాయి దగ్గరికి నడువ్ అని తల్లి.

కాబట్టి ఏది బాగుంటుందని అడిగేవాళ్లకు నా జవాబు ఇదీ. నీడ కావాలంటే కొచ్చిన్, చలువ కావాలంటే బెంగళూరు. దగ్గర్లో, పెద్దగా ఖర్చు లేకుండా కావాలంటే మన రావిర్యాల, ఎండాకాలం కాకుండా, స్కూళ్ల సెలవులు కాకుండా. ఎక్కడికి పోయినా లాకర్ డబ్బులు మొదటే కట్టేయండి. ఇంట్లో ఎవరికి ఈతొచ్చో కూడా బయలుదేరే ముందు ఒకసారి అడగండి. బెంచీ మీద కూర్చోవడమే ఇష్టమన్న వాళ్లను లేపమని నేననడం లేదు. మా పెద్ద ఖాలాకు బెంచీయే జన్నత్, ఒక పొట్లం పల్లీలుంటే చాలు.

అమ్మీ సంగతే ఎటూ తేలలేదు. డెబ్బై దాటాయి, మోకాళ్లు సరిగ్గా లేవు. మా ఆవిడ సూట్ ఇంటి వెనక తీగ మీద ఆరేస్తే, మొన్న వెళ్లి దాని చేతులు పట్టుకుని సాగదీసి చూసింది. ఏంటమ్మీ అంటే, ఏం లేదంది. రాత్రి అన్నం తింటూ అడిగింది: "ఆ బట్టే, చేతుల దగ్గర ఇంకాస్త ఢీలాగా ఎవరైనా కుట్టిస్తారా?"