డిప్ప లోపలి నొప్పి

తాబేలుకు మన వాఙ్మయంలో ఉన్నంత గౌరవం మన వీధుల్లో లేదు. మందరగిరిని మోసిన కూర్మావతారం అదే. ఇంద్రియాలను లోపలికి ముడుచుకునే స్థితప్రజ్ఞుడికి భగవద్గీత తెచ్చిన పోలికా అదే. అయినా మా కార్వేటినగరంలో వాన వెలిశాక చేలగట్టున ఒక నక్షత్ర తాబేలు కనిపిస్తే చాలు, పిల్లలు రాయి తీసుకుని డిప్ప మీద టకటకా కొట్టి చూస్తారు. "దానికేం నొప్పి సార్!" అంటారు పైగా.

ఈ మాట పశువైద్యుడైన మా బావమరిదితో అంటే అతడు నవ్వలేదు.

"డిప్ప అంటే తొడుక్కున్న చొక్కా కాదు బావా, ఎముకే. వెన్నుపూసలూ పక్కటెముకలూ దానిలోనే అతుక్కుని ఉంటాయి. నరాలూ ఉన్నాయి. తాకితే తెలుస్తుంది, పగిలితే నొప్పెడుతుంది" అన్నాడు.

"మరి కోత పెట్టవలసి వస్తే?"

చిక్కంతా అక్కడే ఉందట. మత్తువాయువు పీల్పిద్దామంటే తాబేలు చాలాసేపు ఊపిరి బిగబట్టగలదు. రొమ్ముకూ పొట్టకూ నడుమ మనకున్న కండరపు తెర దానికి లేదు. ఒంటి కండరాలూ కాళ్ల కదలికలే ఊపిరాడిస్తాయి. ఒళ్లంతా మత్తెక్కితే ఆ ఊపిరే మందగిస్తుంది.

కాన్పు ఆపరేషనయిన తల్లులకు వెన్నులో ఇచ్చే మత్తుసూది తెలిసే ఉంటుంది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే వైద్యుడు ఆరంభించిన పద్ధతి అది. మనకు నడుము దగ్గర పొడుస్తారు. తాబేలు నడుము డిప్పలో బందీ. కాబట్టి దారి తోక! మన వెన్నుపాము నడుము దగ్గరే ఆగిపోతుంది గాని, తాబేలుది తోక చివరిదాకా సాగుతుంది. తోక మొదట పూసల సందున లిడోకెయిన్ వంటి మందు కొద్దిగా ఎక్కిస్తే తోకా, వెనుక కాళ్లూ మొద్దుబారతాయి. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉంటుంది. వెనుక భాగాన లోపలి అవయవం బయటికి జారి పుండుపడినప్పుడు ఇలా మత్తిచ్చి కోత పెడతారు.

నొప్పిమందుల సంగతీ విచిత్రమే. 2007లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధనలో బ్యూటార్ఫనాల్ అనే మందు తాబేళ్ల నొప్పిని తగ్గించలేదని తేలింది. మార్ఫిన్ తగ్గించింది గాని, ఊపిరినీ తగ్గించింది. ఇంట్లో ఉన్న మాత్ర నూరిపోయడం ఎంత ప్రమాదమో ఊహించండి.

స్థితప్రజ్ఞుడు ముడుచుకుంటే అది శాంతి. చేలగట్టున తాబేలు ముడుచుకుంటే అది భయమో, నొప్పో. కుక్కలా మొరపెట్టుకోదు కనుక బాధ లేదనుకోవడం తగదు. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను. గాయపడినది కనిపిస్తే అటవీశాఖ వారికి కబురు చేయండి. బాగున్నదైతే దాని దారిన దాన్ని పోనివ్వండి.