తుని నుండి సేరంపూర్ దాకా

మన పల్లెల్లో అంబాసిడర్ కారు ఎక్కని కుటుంబం అరుదు. పెండ్లికూతురిని తేవాలన్నా, నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చాలన్నా, కూటాలకు ప్రసంగీకులను పిలుచుకురావాలన్నా ఆ గుండ్రటి కారే వచ్చేది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడలో 1957లో దాని తయారీ మొదలైంది. 2014 మే నెలలో ఆగిపోయింది.

మా ఇంట ఉన్నది 1984 నాటి బండి. నాన్నగారు బడిపంతులుగా ఉన్న రోజుల్లో పాతదే కొన్నారు. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2024లో ఆ గడువు మళ్లీ వచ్చింది. ఇక తుక్కుకు ఇచ్చేద్దామనే మాట ఇంట్లో లేచింది. నాన్నగారు కాదనలేదు. "ఇచ్చేముందు ఒక్కసారి నన్ను ఇందులో సేరంపూర్ తీసుకువెళ్లండి" అని మాత్రం అడిగారు. ఆయనకు అప్పటికి 79 ఏండ్లు.

సేరంపూర్ మన సంఘాలకు తెలియని పేరు కాదు. మన పాస్టరుగార్లలో అనేకులు పొందిన బి.డి. పట్టా సేరంపూర్ సెనేటు ఇచ్చినదే. తుని మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి బెంగాల్‌లోని దన్‌కుని వద్ద ముగుస్తుంది. అక్కడికి సేరంపూర్ దగ్గరే. అంటే మా ఊరి రోడ్డు పట్టుకొని పోతే చాలు, సుమారు వెయ్యి కిలోమీటర్లు.

సంక్రాంతి సెలవుల్లో తెల్లవారుజామున ప్రార్థన చేసుకొని ఆరుగురం బయలుదేరాము. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది గనుక ముందు సీటులో ముగ్గురం, వెనుక ముగ్గురు సర్దుకున్నాము. అమ్మ అరిసెలు, జంతికలు, పులిహోర కట్టింది. అరవై దాటి నడపకూడదనీ, చీకటిపడ్డాక బండి కదపకూడదనీ నాన్నగారి షరతు.

మొదట విశాఖపట్నంలో ఆగాము. 1805లో లండన్ మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ గార్లు ఈ ఊరికే వచ్చారు. తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు గారి సహాయంతో డెగ్రాంజెస్ గారు మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెలుగు చేశారు. 1810 నాటికి ఆ దొరలిద్దరూ కన్నుమూశారు. ఆ సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. పాటుపడిన మనిషి ఆ పుస్తకాన్ని కంట చూడలేదు. నాన్నగారు ఈ సంగతి పిల్లలకు చెబుతుంటే కారులో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆ రాత్రి బరంపురంలో పడుకొని, మరునాడు చిలికా ఒడ్డున ఫలహారం చేశాము. దేశంలోకెల్ల పెద్ద ఉప్పునీటి కయ్య అది. చలికాలంలో దూరదేశాల పక్షులు వేలకువేలు వచ్చి వాలతాయి. ఏసీ లేని కారు గనుక అద్దాలు దించుకొని, ఆ గాలి పీలుస్తూ కీర్తనలు పాడుకుంటూ కటకం దాటాము.

భద్రక్ దాటాక ఇంజను వేడెక్కింది. వాటర్ పంపు బేరింగు పోయింది. రోడ్డు పక్కన మెకానిక్కు ఒకాయన కనబడ్డాడు. ఆయనకు తెలుగు రాదు, మాకు ఒరియా రాదు. బానెట్టు ఎత్తగానే నవ్వాడు. చిన్నతనంలో అంబాసిడర్ టాక్సీల మీదనే పని నేర్చుకున్నాడట. పెరట్లో పడివున్న పాత కారులోంచి పంపు విప్పి, శుభ్రం చేసి బిగించాడు. మూడు గంటలు పట్టింది. నాన్నగారు ముక్కాలిపీట మీద కూర్చొని పానాలు అందించారు. అడిగిన కూలి న్యాయమైనదే. ఆ రాత్రికి బాలాసోరు చేరుకున్నాము.

మూడవనాడు మంచు విడిచాక బయలుదేరి, మధ్యాహ్నానికి సేరంపూర్‌లో ఉన్నాము. హుగ్లీ నది ఒడ్డున 1818లో స్థాపించిన కళాశాల ఠీవిగా నిలిచి ఉంది. చెప్పులుకుట్టే పనిచేసిన విలియం కేరీ గారు 1793లో బెంగాల్ వచ్చి, 1800లో ఇక్కడ స్థిరపడి, 1834లో చనిపోయేవరకు తిరిగి స్వదేశం వెళ్లలేదు. 1812 మార్చి 11న ఆయన ముద్రణాలయం తగలబడింది. కాగితం, రాతప్రతులు, అనేక భాషల అచ్చక్షరాలు కాలిపోయాయి. కరిగిపోయిన లోహాన్నే ఏరుకొని, మళ్లీ అక్షరాలు పోతపోసి పని మొదలుపెట్టారు. 1814లో కేరీ గారి తెలుగు వ్యాకరణం అక్కడే అచ్చయింది. ఆయన సమాధి దగ్గర నాన్నగారు టోపీ తీసి చాలాసేపు నిలబడ్డారు.

సేరంపూర్ నుండి రైలులో మూడో స్టేషను పేరు హింద్ మోటార్. కారు ఫ్యాక్టరీ వల్లనే ఆ పేరు వచ్చింది. మేము కారులోనే వెళ్లాము. మూతపడిన గోడల పక్కన టీకొట్టు దగ్గర ఆగితే పెద్దవాళ్లు నలుగురు చుట్టూ చేరారు. తుని బండి ఇంతదూరం నడిచి వచ్చిందా అని బానెట్టు నిమిరారు. ఫ్యాక్టరీ లేకపోయినా ఆ కారును బాగుచేసే చేతులు ఇంకా ఉన్నాయని భద్రక్ దారిలో చూసి వచ్చాముగా, మేము నవ్వుకున్నాము.

ఆ ఏడు రిజిస్ట్రేషను పొడిగించాము. కారు మీది మోజు ఒక్కటే అందుకు కారణం కాదు. పోయిందనుకున్నదాన్ని మళ్లీ పోతపోసుకోవచ్చని ఆ ప్రయాణంలో చూశాము.

మీ ఇంట కూడా వృద్ధులైన తల్లిదండ్రులు ఉంటారు. ఏ ఊరు చూడాలని ఉందో వారిని ఒకసారి అడగండి. చాలామంది అడిగితే తప్ప చెప్పరు. కొత్త కారు అక్కరలేదు, బస్సయినా చాలు. వారు కూర్చోగలిగి ఉండగానే, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లిరండి.