నలభై పుల్లల చక్రం

సైకిలు చక్రంలో గాలి పోతే వీధిలో నలుగురికీ తెలుస్తుంది. గొలుసు జారితే తొక్కేవాడికైనా తెలుస్తుంది. పుల్ల తెగితే మాత్రం చాలామందికి తెలియనే తెలియదు. టింగుమని ఒక చిన్న చప్పుడు, అంతే. ఏ గులకరాయో ఎగిరి తగిలిందనుకుని సాగిపోతాం. తెలిసినా లక్ష్యపెట్టం. నలభై పుల్లల్లో ఒకటి లేకపోతే మునిగిందేమిటి అనుకుంటాం. పెద్ద సంసారంలో ఒకరు పని మానుకుని కూర్చుంటే ఆ పని మాయమైపోదు. పక్కవాళ్ళ నెత్తిన పడుతుంది. చక్రంలోనూ అదే జరుగుతుంది.

పుల్ల అంటే స్పోకు. కొందరు చువ్వ అంటారు, కొందరు ఊస అంటారు. ఎడ్లబండి చక్రానికైతే ఆకులంటాం. పాతరకం పెద్ద సైకిలుకు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40 వుంటాయి. ఈ పక్షపాతం ఊరికే వచ్చింది కాదు. మనిషి బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే; వెనక ఎక్కించుకున్న మనిషి, బియ్యం మూట, చేపల గంప, అన్నీ దాని మీదే. చాలనట్టు, తొక్కే బలమంతా గొలుసు ద్వారా వచ్చి ఆ చక్రాన్నే తిప్పాలి. కాబట్టి పుల్లలు తెగడం కూడా సాధారణంగా వెనక చక్రంలోనే.

మా వూరు మైపాడుకు దగ్గర, బకింగ్‌హాం కాలవకూ సముద్రానికీ నడుమ. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా పోయే ఈ కాలవలో ఒకప్పుడు ఉప్పూ, కట్టెలూ పడవల మీద మద్రాసుకు వెళ్ళేవి. పడవలు పోయాయి, గట్టు మాత్రం మాకు దారిగా మిగిలింది. ఒక పక్క కాలవ, ఒక పక్క రొయ్యల గుంటలు. ఇక్కడి గాలిలోనే ఉప్పు వుంది. తలుపు గడియలూ, కిటికీ చువ్వలూ, ఆఖరికి గోడకు కొట్టిన మేకు కూడా తుప్పు పట్టకుండా వుండవు. సైకిలు పుల్లకు ఈ తుప్పు రెండు చోట్ల పడుతుంది: రిమ్ములో నిప్పిలు బిగించే మరల దగ్గరా, హబ్బులో వంపు తిరిగే మెడ దగ్గరా. పైకి మెరుస్తూనే వుంటుంది. మెడ దగ్గర గోటితో గీరితే ఎర్రటి పొడి రాలుతుంది.

ఇదంతా నేను తెలుసుకోవలసి రావడానికి కారణం మా అమ్మాయి. తొమ్మిదో తరగతి చదువుతోంది. బడి 5 కిలోమీటర్లు. మా నాన్నగారు 1968లో నెల్లూరు ట్రంకురోడ్డులో కొన్న పెద్ద సైకిలు మీద, కడ్డీ వున్నా లెక్కచెయ్యకుండా, రోజూ వెళ్ళి వస్తుంది. రెండు నెలల్లో వెనక చక్రానికి మూడు పుల్లలు తెగాయి. తెగిన ప్రతిసారీ మర్నాడే కొత్తది వేయించాం. మూడోది తెగిన రోజున మాత్రం చక్రం వంకరపోయి, పక్క కమ్మీకి రాసుకుని, తిరగనని మొరాయించింది. పిల్ల సైకిలు నడిపించుకుంటూ దీపాలు పెట్టే వేళ దాటాక ఇల్లు చేరింది.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది.

"ఏమండీ, ఆ తాతలనాటి చక్రాన్ని నమ్ముకుని పిల్లను కాలవ గట్టు మీద పంపుతారా? మసక చీకట్లో అది విరిగి కూలబడితే? ఆటోకు నెలకు 900 రూపాయలు. పక్కింటి పిల్లలు పోవడంలా?" అన్నది మా ఆవిడ.

"ఆటో నాలుగున్నరకే బయల్దేరుతుంది నాన్నా. నా కబాడీ ఆట మొదలయ్యేదే అప్పుడు. ఆటో అంటే ఇక ఆట మానెయ్యమనేగా!" అన్నది అమ్మాయి.

తల్లి భయంలో తప్పు లేదు. పిల్ల పట్టుదలలోనూ తప్పు లేదు. నేను మధ్యన కూర్చుని ఎటు తల వూపినా ఒకరికి అన్యాయమే. తీర్పు చెప్పవలసింది చక్రమే గనుక, తెల్లవారగానే సైకిలు తీసుకుని అంగడికి పోయాం, తండ్రీ కూతుళ్ళం.

సైకిలంగడి సాయిబు మామకు డెబ్బై దాటాయి. చుట్టుపక్కల వూళ్ళలో చక్రం కట్టే చెయ్యి ఇప్పుడు ఆయనదొక్కటే. చక్రాన్ని గాలిలోకి ఎత్తి తిప్పాడు. పుల్లలను రెండేసి చొప్పున వేళ్ళ మధ్య నొక్కి చూచాడు.

"ఒక పుల్ల వెయ్యమంటే వేస్తా అబ్బయ్యా. వచ్చే వారం ఇంకోటి తెగుద్ది. మళ్ళా వస్తావు. నాకేం, బేరమే. పాప మాత్రం నడిచొస్తది," అన్నాడు.

"మిగతావి బాగానే వున్నాయి గదా మామా?"

"ఒకే ఈడువి అబ్బయ్యా. ఒకే మోత మోసినయ్. మూడు పోయినయ్యంటే తక్కినవి వరసలో నిలబడుండయ్."

తర్వాత లెక్క వేసి చూచుకుంటే ఆయన మాట అక్షరాలా నిజమనిపించింది. బండి ఆకు కర్ర. కింద నుంచి దన్నుగా నిలబడి బరువు మోస్తుంది. సైకిలు పుల్ల సన్నటి తీగ, లావు 2 మిల్లీమీటర్లు. దన్నుగా నిలబెడితే వంగిపోతుంది. అందుకని చక్రం కట్టేటప్పుడే పుల్లలన్నింటినీ గట్టిగా లాగి బిగిస్తారు. ఒక్కొక్క పుల్లకు 50 కిలోల బరువు వేలాడదీసినంత బిగువైనా వుంటుందనుకుంటే, నలభైకీ కలిపి 2 టన్నులు! మనిషి ఎక్కినప్పుడు నేలకు ఆనిన చోటి నాలుగైదు పుల్లల బిగువు కాస్త తగ్గుతుంది. చక్రం ముందుకు దొర్లగానే వాటి బిగువు వాటికి వచ్చేస్తుంది. జాబ్స్ట్ బ్రాండ్ట్ అనే అమెరికా ఇంజనీరు 1981లో సైకిలు చక్రం మీద ఒక పుస్తకమే రాసి ఈ సంగతి లెక్కలు కట్టి చూపించాడు.

అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే ప్రతి పుల్లా ఒకసారి సడలి, ఒకసారి బిగుస్తుంది. ఒక చుట్టుకు చక్రం నడిచేది సుమారు 2.2 మీటర్లు. పోనూ రానూ 10 కిలోమీటర్లంటే నాలుగున్నర వేల చుట్లు. ఏడాదికి 200 రోజుల బడి అనుకుంటే 9 లక్షలు. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచితే చివరికి తెగుతుంది చూడండి, అదే ఇక్కడ నెమ్మదిగా, కంటికి కనపడకుండా, మెడ దగ్గర జరుగుతుంది. దానికి మా ఉప్పుగాలి తోడు.

ఇందులో ఒక తమాషా వుంది. బిగువు ఎక్కువైతే పుల్ల తెగుతుందని మనం భయపడతాం. నిజానికి వదులుగా వున్నదే త్వరగా తెగుతుంది. తగినంత బిగువున్న పుల్ల కొంచెం సడలినా బిగువులోనే వుంటుంది. వదులు పుల్ల పూర్తిగా జారిపోయి, మళ్ళీ ఒక్క లాగు లాగబడుతుంది. ప్రతి చుట్టుకూ మెడ మీద ఆ కుదుపు. పైగా కుదుపులకు నిప్పిలు తనంతట తనే విప్పుకుంటుంది.

హబ్బు బాగానే వుంది, రిమ్ము పగల్లేదు. పుల్లలే మార్చాలి, నలభయ్యీ మార్చాలి అని తేలింది. పుల్లలూ, నిప్పిళ్ళూ, కూలీ అన్నీ కలిపి 550 రూపాయలు. ఒక నెల ఆటో కిరాయి కన్న తక్కువే. "సరే కట్టు మామా" అన్నాను. "నేను చూస్తాను తాతా" అని అమ్మాయి గోనెపట్టా లాక్కుని కూర్చుంది.

టైరూ ట్యూబూ తీసి, ఫ్రీవీలు విప్పి పక్కన పెట్టాడు. తుప్పుపట్టిన నిప్పిళ్ళ మీద కిరసనాయిలు పోసి నాననిచ్చాడు. పాత పుల్లలను ఒక్కసారిగా కత్తిరించకుండా అన్నింటినీ కొంచెం కొంచెంగా వదులు చేశాడు. లేకపోతే రిమ్ము వంకరపోతుందట. పాత పుల్ల పక్కన కొత్త పుల్ల పెట్టి పొడవు సరిచూచాడు. కొత్త మరలకు నూనె రాశాడు.

ఆ తర్వాత అల్లిక. హబ్బుకు రెండు వైపులా రెండు బిళ్ళలు, ఒక్కొక్క దానికి 20 బెజ్జాలు. మొదట ఒక బిళ్ళలో బెజ్జం విడిచి బెజ్జానికి 10 పుల్లలు. అవి రిమ్ములో ప్రతి నాలుగో బెజ్జానికీ పోతాయి. రెండో వైపు ఇంకో 10. అప్పుడు హబ్బును చేత్తో పట్టి తిప్పితే పుల్లలన్నీ ఒక పక్కకు ఏటవాలుగా వాలతాయి. మిగిలిన 20 ఎదురు దిక్కుకు వాలి, ముందు వేసినవాటిని దాటుకుంటూ, చివరిదాన్ని మాత్రం రెండో పక్క నుంచి తోసుకుంటూ పోవాలి. చూస్తుంటే బుట్ట అల్లినట్టే వుంది.

ఈ ఏటవాలు ఎందుకంటే, పుల్లలు నేరుగా నిలబడితే తొక్కినప్పుడు హబ్బు తిరుగుతుందే గాని రిమ్మును గట్టిగా లాక్కుపోలేదు. ఏటవాలు పుల్ల లాక్కుపోతుంది. తీగ పుల్లల చక్రాన్ని 1808లోనే ఇంగ్లండులో జార్జి కేలీ ఎగిరే యంత్రం కోసం ఊహించాడు. పుల్లలను ఇలా దాటించి వేసే చక్రానికి 1874లో కోవెంట్రీలోని జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్నాడు. కోవెంట్రీ ఎక్కడ, మైపాడు ఎక్కడ! స్టార్లీ పేరు ఎన్నడూ వినని సాయిబు మామ వేళ్ళకు ఆ అల్లిక కళ్ళు మూసుకున్నా వచ్చు.

అసలు పరీక్ష అల్లిక అయ్యాకనే. సైకిలు తలకిందులుగా పెట్టి, చక్రాన్ని తగిలించి తిప్పుతూ, కమ్మీ దగ్గర సుద్దముక్క ఆనించాడు. రిమ్ము ఎటు వాలిందో అక్కడ సుద్ద అంటుతుంది. ఎడమకు వాలితే అక్కడి కుడి పుల్లలను పావు చుట్టు బిగించాలి, ఎడమవి పావు చుట్టు వదలాలి. పక్క వంకర తీరితే ఎగుడుదిగుడు చూడాలి. అది తీరేసరికి మళ్ళీ పక్క వంకర కాస్త తేలుతుంది. ఒక్కసారిగా పూర్తి చుట్టు తిప్పితే పని చెడిపోతుంది. పావు, అరపావు, అంతే.

బిగువులు సమంగా వున్నాయా లేదా అన్నది సాయిబు మామ పుల్లను గోటితో మీటి చెవితో తేల్చేవాడు. ఈ మధ్య ఆయన చెవి మందగించింది. "పాపా, ఇది వినబడతాందా? పక్కదాంతో కలిసిందా?" అన్నాడు. అమ్మాయి మీటి, "ఇది కాస్త బొంగురుగా వుంది తాతా" అన్నది. పావు చుట్టు. మళ్ళీ మీటింది. "ఇప్పుడు కలిసింది." అలా ఒక వైపు ఇరవయ్యీ, తర్వాత రెండో వైపు ఇరవయ్యీ. వీణకు శృతి చేసినట్టే చక్రానికీ శృతి చేస్తారని నాకు ఆనాడు తెలిసింది. ఒకే పొడవు, ఒకే లావు పుల్లలు ఒకే స్వరం పలికితే వాటి బిగువూ ఒకటే.

చివరకు నిప్పిలు దాటి పొడుచుకువచ్చిన కొనలను ఆకురాయితో అరగదీసి, ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ముకు పట్టీ వేసి, టైరు ఎక్కించేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

ఇంటికి రాగానే మా ఆవిడ చక్రాన్ని ఎత్తించి, తిప్పించి, కమ్మీకి రాసుకోవడం లేదని తన కళ్ళతో చూచిగాని వొదల్లేదు. తర్వాత మూడు షరతులు పెట్టింది: ఆట ఏదైనా ఆరింటికల్లా ఇంట్లో వుండాలి, సంచీలో నిప్పిలు తాళం వుండాలి, ప్రతి ఆదివారం పుల్లలు నొక్కి చూచుకోవాలి. అమ్మాయి మూడింటికీ తలవూపింది. మూడో షరతు మంచిదేనని సాయిబు మామ కూడా మెచ్చుకున్నాడు. కొత్తగా కట్టిన చక్రం పది పదిహేను రోజులు తిరిగాక పుల్లలు కుదురుకుని కొంచెం వదులవుతాయి. అప్పుడొకసారి సరిచేస్తే ఇక చాలాకాలం చూడనక్కర్లేదట.

సైకిలున్న ఇళ్ళవారు ఈ నొక్కి చూడడమొక్కటి అలవాటు చేసుకుంటే మేలు. పక్కపక్క పుల్లలను రెండేసి పట్టి నొక్కండి. ఒకటి మెత్తగా వంగితే అది వదులైంది. ఒకటి తెగితే వేయించండి. వెంటవెంటనే రెండోదీ మూడోదీ తెగితే మాత్రం మొత్తం మార్పించండి. సముద్రం దగ్గరివారు నెలకొకసారి మంచినీళ్ళతో కడిగి, తుడిచి, మరల దగ్గర నూనె చుక్క వేయండి.

రెండు వారాల తర్వాత ఆ వదులును అమ్మాయే సరిచేసింది, అంగడిలో, సాయిబు మామ పక్కన నిలబడి చూస్తుండగా. ఆయన కొడుకులిద్దరూ చెన్నైలో వేరే పనుల్లో వున్నారు. ఈ విద్య అడిగినవాళ్ళు ఇన్నాళ్ళకు ఒకరు దొరికారన్న సంతోషం ఆయన ముఖంలో దాగలేదు. ముందు చక్రానికి ఇంకా 32 పాత పుల్లలు మిగిలే వున్నాయి. వేసవి సెలవుల్లో అది తనే కడతానంటోంది అమ్మాయి. మా ఆవిడ ఇంతవరకూ ఏమీ అనలేదు. మా ఇంట్లో అది సగం ఒప్పుకున్నట్టే లెక్క.