చూచు హక్కు, వాడుకొను హక్కు

ఎముకల కట్టునకు పేరుపడిన పుత్తూరులో మావారు బడిపంతులు. బడిపిల్లల కొఱకు ఈ ప్రాంతపు వానలెక్కలు, పంటలెక్కలు, జనాభా లెక్కలు చేర్చి చిన్న పుస్తకమొకటి కూర్పవలెనని గడచిన వేసవిలో సంకల్పించితిమి. వ్రాతప్రతి సిద్ధమైన పిమ్మట అచ్చుకూటపు యజమాని, “అమ్మా, ఇవి సర్కారువారి లెక్కలు గదా, అచ్చువేయుటకు వారి సెలవున్నదా?” అని యడిగెను. మాకు మాట రాలేదు. ఒక కచేరికి జాబు వ్రాసి రెండు నెలలు వేచితిమి. ప్రత్యుత్తరము రాలేదు.

అంతట చట్టములు చదువ మొదలిడితిమి. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము ప్రభుత్వ రచనలకును 60 ఏండ్ల స్వామ్యము కలదు. గెజెట్టు మొదలగు కొన్నిటికి మాత్రము మినహాయింపు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము కాగితములను చూచుటకును, నకలు పొందుటకును హక్కు నిచ్చెను. ఆ నకలును మరల అచ్చువేసి పంచవచ్చునా యను సందేహము మాత్రము మిగిలెను. పొరుగువారు బావిని చూపిరి గాని చేద దింపవచ్చునో లేదో చెప్పనట్లాయెను.

ఆ లోటు తీర్చుటకే కేంద్రప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో ఓపెన్ డేటా లైసెన్సును గెజెట్టున ప్రకటించెను. 2012 నాటి సమాచార వితరణ విధానము క్రింద బయలుపఱచిన లెక్కలను ఎవరైనను, రుసుము లేకయే, అచ్చువేయవచ్చును, తెలుగు చేయవచ్చును, అమ్ముకొనను వచ్చును. ఎక్కడినుండి తీసికొంటిమో చెప్పవలెను. సర్కారు మన పుస్తకమును మెచ్చినదని చాటుకొనరాదు. వ్యక్తుల సొంత వివరములకు ఈ సెలవు వర్తింపదు. అది మేలే, ఇంటిగుట్టు వీధిని పడరాదు గదా!

శాఖకొక షరతున్నచో రెండు శాఖల లెక్కలను ఒక పుటలో కూర్చుట దుర్ఘటము. అందఱికిని ఒకే మాటగా సెలవు వ్రాసియుంచుటలోని మేలు ఇదియే. బ్రిటను దేశమున ఇట్టి యేకరూప పత్రము 2010లోనే వెలువడెను.

వానలెక్కలు, జనాభా లెక్కలు ఈ లైసెన్సు క్రింద దొరకగా, మూలము పేర్కొని అచ్చువేయించితిమి. మేము జాబు వ్రాసిన కచేరివారి పంటలెక్కలు ఆ విధానము క్రిందివి కావు. ఆ రెండు పుటలను ఖాళీగానే విడిచితిమి. “ఇక్కడేమి వ్రాయవలెనమ్మా?” అని పిల్లలడుగుచున్నారు. ప్రతి కచేరియు తన సెలవును సులభమైన తెలుగున ముందే వ్రాసియుంచిననాడు ఆ పుటలను వారిచేతనే నింపింతుము.