ఐదేళ్ల కాగితం, ఏడాది భరోసా

మా పెద్ద మావయ్య ఇచ్చిన ఒక సలహా మా తమ్ముడికి 13,950 రూపాయలకు తేలింది. అప్పట్లోనే కూర్చుని లెక్క రాసి పెట్టుకున్నాను. ఇన్నాళ్లయినా ఆ పేజీ కనబడితే కడుపు మండుతుంది.

తమ్ముడు 2021 దసరాకి 125 సీసీ బండి కొన్నాడు. ఎక్స్ షోరూం ధర 80,000. షోరూం వాళ్లు చేతిలో పెట్టిన పాలసీలో థర్డ్ పార్టీ ఐదేళ్లకు, మన బండికి జరిగే నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ (ఓడీ) ఒక్క ఏడాదికి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి అయింది కదా, అప్పటినుంచి ఇలాంటి కాగితాలే వస్తున్నాయి. పైన పెద్ద అక్షరాల్లో ఐదేళ్ల తేదీ కనిపిస్తుంది. ఓడీ ఎప్పటిదాకా ఉందో కిందెక్కడో ఒక గడిలో ఉంటుంది.

మరుసటి అక్టోబరులో ఓడీ కట్టమని మెసేజ్ వచ్చింది, 1,030 రూపాయలు. ఆ రోజు మావయ్య ఇంట్లోనే ఉన్నాడు. “ఐదేళ్లకి ఒకేసారి కట్టేశావు కదరా అల్లుడూ, మళ్లీ వీళ్లకెందుకు కట్టడం? పోలీసోడు ఆపితే చూపించడానికి కాగితం ఉంటే చాలు. ముప్పై ఏళ్ల నుంచి బండి తోలుతున్నా, ఒక్కనాడైనా కింద పడ్డానా?” అన్నాడు. కట్టెయ్యరా అని నేను చెబుతూనే ఉన్నాను. “నువ్వూరుకో అన్నయ్యా, మావయ్యకి తెలీదా” అని వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. 2023లో మళ్లీ మెసేజ్ వచ్చింది, ఈసారి 870. అదీ కట్టలేదు.

జాగ్రత్తగా నడిపేవాడికి ఓడీ దండగ అన్నది మావయ్య వాదన. ఈ వాదన నేను చాలామంది నోట విన్నాను. నా బండికి తగిలిన దెబ్బలు చూస్తే మాత్రం దాదాపు అన్నీ అది ఆగి ఉన్నప్పుడు తగిలినవే. రోడ్డు మీద నేను పడ్డ ఇబ్బందుల్లో పెద్దది గుంటూరు మిర్చి యార్డు దారిలో, సీజన్లో, వైజర్ దించుకుని ఉండగా హెల్మెట్ లోపల వరసగా వచ్చిన తుమ్ములు. దానికి ఏ పాలసీ అక్కర్లేదు, రోడ్డు పక్కకి ఆపుకుంటే సరిపోయింది. బండి నిలబెట్టి వెళ్లిన చోట జరిగినవి వేరు. వానాకాలంలో ఒక పెళ్లికి వెళ్లి, మెత్తటి నేల మీద సైడ్ స్టాండ్ వేసి భోజనానికి కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి స్టాండు మెల్లగా దిగబడి, బండి ఆ ఇంటివాళ్ల తులసికోట మీదకి ఒరిగి ఉంది. క్లచ్ లివర్ విరిగింది, తులసికోట అంచూ విరిగింది. లివర్‌కి 180 అయితే తులసికోటకి తాపీ మేస్త్రి 600 తీసుకున్నాడు. కోటప్పకొండ మీద ప్రసాదం సంచి బండికి తగిలించి అటు తిరిగానో లేదో, కోతులు సంచితో పాటు సీటు కవరు కూడా చీల్చి పెట్టాయి.

అన్నిటికంటే పెద్ద గొడవ మా సెల్లార్లో జరిగింది. ఒకాయన కారు వెనక్కి తీస్తూ మొదటి స్కూటర్ని తాకించాడు. అది రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద పడుతూ వచ్చి చివర ఉన్న నా బండిని పడేశాయి. పాలవాడి క్యాను దాని కింద నలిగింది. తన కారు తాకింది మొదటి స్కూటర్‌కే కాబట్టి దానికే డబ్బులిస్తానని ఆయన భీష్మించుకున్నాడు. రెండో బండి వాళ్లు మూడో బండి వాళ్లకి, వాళ్లు నాకు ఇవ్వాలట. పంచాయతీ రాత్రి పదింటిదాకా నడిచింది, పాలవాడి క్యానుకి తప్ప దేనికీ డబ్బు రాలేదు.

నా బిల్లు 1,550. అద్దం 280, ఇండికేటర్ 220, మడ్‌గార్డు 410, బ్రేకు లివర్ 190, క్రాష్ గార్డు సాపు చేసినందుకు 150, మజూరీ 300. ఓడీ ఉంది కాబట్టి క్లెయిమ్ వేయొచ్చు. కానీ వేసేముందు కాగితం తీసుకుని కూర్చున్నాను. ప్లాస్టిక్ సామాన్లు 910కి సగం కోత పోగా 455. బండికి ఐదేళ్లు దాటాయి కాబట్టి లోహపు సామాన్లకి 40 శాతం తరుగు, లివర్‌కి వచ్చేది 114. పనికి 450 పూర్తిగా వస్తుంది. మొత్తం 1,019, అందులోంచి తప్పనిసరి కోత 100 పోతే చేతికి 919. ఇక రెండో వైపు. నాకు అప్పటికి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది, అసలు ప్రీమియం వెయ్యి అయితే నేను కట్టేది 500. క్లెయిమ్ వేస్తే బోనస్ సున్నాకి పడిపోయి, మళ్లీ 20, 25, 35, 45, 50గా మెట్లెక్కి రావాలి. అంటే మొదటి ఏడాది అదనంగా 500, తర్వాత వరసగా 300, 250, 150, 50. కలిపితే 1,250. వచ్చే 919 కోసం 1,250 పోగొట్టుకోవడం ఎందుకని బిల్లు నా జేబులోంచే కట్టాను. ఓడీ అలాంటి చిల్లర దెబ్బల కోసం ఉంచుకునేది కాదు. అది దేనికో 2024లో మా ఇంట్లోనే చూశాం.

ఆ ఏడాది ఆగస్టు 31న విజయవాడలో కుండపోత వాన. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి. తమ్ముడు అద్దెకుండేది అజిత్‌సింగ్‌నగర్‌లో కింది వాటా. బండికి హ్యాండిల్ లాక్ వేసి, సెంటర్ స్టాండ్ వేసి, గేటుకి గొలుసు కట్టి మరీ పడుకున్నాడు. తెల్లారేసరికి హ్యాండిల్ కూడా కనబడలేదు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి పడవలో వచ్చి అక్కణ్నుంచి నాకు ఫోన్ చేశాడు. మనుషులందరూ క్షేమంగా ఉన్నారు, అదే పెద్ద సంగతి. కాసేపటికి, “అన్నయ్యా, బండి మునిగిపోయింది” అన్నాడు. నీళ్లు తీశాక సెల్ఫ్ మాత్రం కొట్టొద్దని గట్టిగా చెప్పాను. గుంటూరు మూడు వంతెనల కింద వాన నీళ్లలో బండి ఆగినప్పుడల్లా జనం చేసే పని అదే, ఆగిన మరుక్షణం సెల్ఫ్ నొక్కుతారు. సిలిండర్లోకి నీళ్లెక్కి ఉన్నప్పుడు ఇంజిన్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఓడీ ఉన్నా ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ నష్టానికి మామూలుగా డబ్బులివ్వరు.

వాడు ఆ మాట విన్నాడు. నీళ్లు తగ్గాక మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే అక్కడ వరస కట్టి బండ్లు. ఆయిల్ బోల్టు విప్పితే కారింది పాలు ఎక్కువైన టీలా ఉంది. బీఎస్-6 బండి కావడంతో ఈసీయూ పోయింది, వైరింగు పోయింది, బేరింగులు తుప్పు పట్టాయి. మొత్తం బిల్లు 20,600. ఈసీయూ, వైరింగు, లోహపు సామాన్లు 11,000. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ 4,200. మజూరీ 4,500. ఆయిళ్లు వగైరా 900.

ఓడీ ఉండి ఉంటే? మూడో ఏడు నడుస్తున్న బండికి మొదటి పద్దులో 15 శాతం తరుగు, అంటే 9,350 వచ్చేది. రెండో పద్దులో సగం, 2,100. మజూరీ పూర్తిగా 4,500. ఆయిళ్లకి ఏమీ రాదు. మొత్తం 15,950, వంద కోత పోగా 15,850. బండి బీమా విలువ (ఐడీవీ) 30 శాతం తరుగుతో 56,000 ఉంటుంది కాబట్టి టోటల్ లాస్ ప్రశ్నే రాదు. ఇక మావయ్య సలహా వల్ల రెండేళ్లలో మిగిలింది 1,030, 870 కలిపి 1,900. 15,850 లోంచి 1,900 తీసేస్తే 13,950. వరద సాయం కింద ప్రభుత్వం టూవీలర్‌కి ప్రకటించిన మొత్తం 3,000. విజయవాడలోనే ప్రత్యేక కేంద్రం పెట్టించి, ఇన్సూరెన్స్ కంపెనీలతో క్లెయిములు త్వరగా తేల్చమని కూడా చెప్పింది. ఎదురింటాయన తన పాత స్కూటర్ కాగితాలు పట్టుకుని అక్కడికి వెళ్తుంటే తమ్ముడు గుమ్మంలో నిలబడి చూశాడు. థర్డ్ పార్టీ అంటే ఎదుటివాడికి జరిగిన నష్టానికి. తమ్ముడి దగ్గర ఉన్నది అదొక్కటే.

దీనికి వేరే దారి లేదా అంటే, ఓడీ మానేసి ఆ డబ్బు విడిగా దాచుకోవచ్చనే వాళ్లున్నారు. తమ్ముడు దాచి ఉంటే రెండేళ్లకి 1,900 అయ్యేది.

మావయ్య మీద నా కోపం ఆ 13,950 కోసమే అయితే ఎప్పుడో చల్లారేది. ఆయన ఆ పాలసీ కాగితం తిరగేసి చూడలేదు. చూడకుండానే చెప్పాడు, మేం విన్నాం. అదే మావయ్య మా నాన్న ఆపరేషన్‌కి తన చిట్టీ పాడుకుని డబ్బు తెచ్చిచ్చిన మనిషి. మా ఇళ్లలో అలాంటివాడి మాటకి ఎదురు చెప్పడం కష్టం. కష్టకాలంలో ఆదుకున్నాడు కాబట్టి లెక్క కూడా తప్పడని అందరూ అనుకుంటారు. ప్రేమతో చెప్పిన మాటే అయినా, ప్రీమియం కట్టే ముందు కాగితంలో తేదీ చూడాల్సింది మాత్రం కట్టేవాడే. ఈ సంగతి నేను మావయ్య ఎదురుగానే అన్నాను. “నాదే తప్పంటావా?” అన్నాడు. “సలహా తప్పు మావయ్యా” అన్నాను. ఆ నెలంతా మాకు ఫోన్ చేయలేదు.

తర్వాత ఆయన బండి కాగితాలు నేనే అడిగి చూశాను. అది 2014లో కొన్నది, ఏటేటా కట్టాల్సిన పాత పద్ధతి. థర్డ్ పార్టీ కూడా తీరిపోయి చాలా నెలలైంది. పట్టుబడితే మొదటిసారికి 2,000 జరిమానా. అంతకన్నా భయపెట్టేది, ఆ బండి ఎవరికైనా తగిలితే ఆయన పెన్షన్లోంచి కట్టాల్సి వచ్చే పరిహారం. అప్పటికప్పుడు ఫోన్లోనే కట్టేశాను. 75 నుంచి 150 సీసీ బండికి అప్పట్లో 714, జీఎస్టీతో 843 అయింది.

తమ్ముడు ఓడీ మళ్లీ తీసుకున్నాడు. గడువు దాటి 90 రోజులు మించిపోయింది కాబట్టి బోనస్ ఏమీ మిగల్లేదు, ఫొటోలు తీసి తనిఖీ చేశాకే పాలసీ ఇచ్చారు. 2026 అక్టోబరులో వాడి ఐదేళ్ల థర్డ్ పార్టీ కూడా తీరిపోతుంది. షోరూం నుంచి మెసేజ్ వస్తుందో రాదో తెలియదు కాబట్టి ఓడీ, థర్డ్ పార్టీ తేదీలు రెండూ వాడి ఫోన్లోనూ, నా ఫోన్లోనూ, ఈసారి మావయ్య ఫోన్లోనూ పెట్టాను.