అరవయ్యో రోజు

టేపు చల్లగా ఉండేది. అమ్మ జాకెట్లకి కొలతలు తీసే పసుప్పచ్చ టేపు లాంటిదే. ఫిజియో అన్న దాన్ని మోకాటి చిప్పకి కాస్త పైన తొడ చుట్టూ బిగించి, ముందు కుడి, తర్వాత ఎడమ, అంకె పైకి చెప్పకుండా డైరీలో రాసుకునేవాడు. ఆయన మొహం ఇప్పుడు గుర్తు లేదు. వేడి ప్యాక్ మీద చుట్టిన తడి తువ్వాలు వాసన మాత్రం ఎక్కడున్నా పట్టేస్తాను.

2016 జులైలో కాలేజీ గ్రౌండులో కూతకెళ్ళి బోనస్ గీత దగ్గర గిరుక్కున తిరిగాను. ఎడమ పాదం మట్టిలో నాటుకుపోయింది, ఒళ్ళు తిరిగింది. టప్పుమంది. అవతలి జట్టువాడికి కూడా వినిపించిందట. మోకాట్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందన్నారు. "పుష్కరాలు కానీరా, అప్పటిదాకా బెజవాడలో ఆటో కూడా కదల్దు" అన్నాడు నాన్న. చవితి మర్నాడు ఆపరేషన్. తొడ వెనక టెండన్ తీసి మోకాట్లో వేశారు. నాన్న కంపెనీ పాలసీలో నేనూ ఉన్నాను. గ్లవుజులకీ దూదికీ తప్ప చేతి డబ్బు పడలేదు. సెప్టెంబరు 8న ఇంటికొచ్చాం. పాలసీ అంటే దేవుడనుకున్నాను.

డిశ్చార్జి తర్వాత అరవై రోజుల ఖర్చు ఇస్తారని కాగితంలో ఉంది. మళ్ళీ ఆడాలంటే తొమ్మిది నెలలన్నాడు డాక్టరు. ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. స్టాటిస్టిక్స్ చదివే నాకు అసలే తోచలేదు. ఆ అరవై రోజుల బిల్లుల్లోనూ కొన్ని రిజిస్ట్రేషన్ నంబరు లేదని తిరిగొచ్చాయి. నాన్న వాటిని మళ్ళీ రాయించుకొచ్చి గుండుసూది గుచ్చి పంపేవాడు.

అరవయ్యో రోజు నవంబరు 7. మర్నాడు రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. నాన్న బ్యాంకు లైన్లో ఒక పూటంతా నిలబడి గులాబీ రంగు రెండు వేల నోటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సిట్టింగులు మానకురా." సిట్టింగుకి మూడొందలు.

అప్పటికి నొప్పి లేదు. వేసిన టెండన్ రెండో మూడో నెలల్లోనే బాగా బలహీనంగా ఉంటుంది, నొప్పి పోయిందని నమ్మొద్దు అని ఫిజియో అన్న చెప్పాడు. విన్నాను. విని, బీసెంట్ రోడ్డుకెళ్ళి ఆ నోటుతో కబడ్డీ బూట్లు కొన్నాను. సాయంత్రాలు ఫిజియోకని బయల్దేరి ఎక్కడ కూర్చునేవాణ్ణో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. కాలవ గట్టు కావచ్చు.

సంక్రాంతికి ఊళ్ళో పోటీలు. రెండో కూతలోనే మోకాలు జారింది. ఈసారి శబ్దం కూడా రాలేదు.

ఆటెందుకు మానేశావని ఎవరడిగినా ఇన్నేళ్ళూ పాలసీనే తిట్టాను. తొమ్మిది నెలల రోగానికి రెండు నెలల మందిచ్చే లెక్క అది, ఇప్పటికీ తిడతాను. బూట్ల సంగతి మాత్రం చెప్పలేదు.

మొన్న ఇల్లు మారుతుంటే నాన్న ఫైలు దొరికింది. క్లెయిము కాగితాల వెనక 2016 నవంబరు క్యాలెండర్ కాగితం. పెన్సిల్‌తో ఆరు తేదీలకి సున్నాలు చుట్టి, ఒక్కోదాని పక్కన 300 అని రాశాడు. కింద కూడి 1800. దాని కింద, చిన్న అక్షరాలతో: ఆటోకి 200.