లక్క గాజుల కేసు

పాతబస్తీలో పిల్లల చేత పనిచేయించే గాజుల కార్ఖానాకి బయట బోర్డు ఉండదు. ఇరుకు గల్లీలో మామూలు ఇల్లే. కింద ఎవరో కాపురం ఉంటారు, పైన రేకుల గది ఉంటుంది. కిటికీలకు అట్టముక్కలో నల్ల ప్లాస్టిక్ షీటో కొట్టేసి ఉంటాయి. లోపల కుంపటి, దాని మీద పెనం, వేడికి మెత్తబడ్డ లక్క. పెద్దవాళ్లు లక్కను గాజుగా చుట్టి ఇస్తే దాని మీద ఒక్కో నగ్, అంటే మెరిసే చిన్న రాయి, పెట్టేది పిల్లలు. లక్క చల్లారేలోపే పెట్టాలి. దానికి సన్నటి వేళ్లు కావాలి. అందుకే ఎనిమిదేళ్ల పిల్లాడు కావాలి వాళ్లకి. లాడ్ బజార్ లక్క గాజులకు పెద్ద పేరుంది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆ పనే చేసుకుని గౌరవంగా బతికే కుటుంబాలు ఎన్నో నాకు తెలుసు. నేను చెప్పబోయేది వాళ్ల గురించి కాదు, తాళం వేసిన ఆ గదుల గురించి.

2015 జనవరిలో భవానీనగర్ వైపు పోలీసులు ఇల్లిల్లూ తనిఖీ చేస్తే 200 మందికి పైగా పిల్లలు దొరికారు. చాలామంది బిహార్ పిల్లలు. అప్పుడు నేను వేరే జిల్లాలో ఎస్సైని. ఆ పిల్లల్ని రైలెక్కించి పట్నా పంపుతుంటే టీవీలో చూశాను. ఇక ఈ దందా ఆగిపోతుందనుకున్నాం అందరం. ఆగలేదు. పెద్ద కార్ఖానాలు పోయి, నలుగురైదుగురు పిల్లలుండే చిన్న గదులు వచ్చాయి.

నేను ఇన్‌స్పెక్టర్‌గా పాతబస్తీకి వచ్చాక, 2019 జనవరిలో, ఆపరేషన్ స్మైల్ నడుస్తుండగా ఈ కేసు దొరికింది. ఏటా జనవరిలో స్మైల్, జూలైలో ముస్కాన్ పేరుతో పోలీసులు, కార్మిక శాఖ, బాలల సంరక్షణ సిబ్బంది ఇలాంటి పిల్లల కోసం కలిసి తిరుగుతాం. ఆ ఇంటి సంగతి చెప్పింది పక్కింటి ముసలమ్మ. "రాత్రి రెండింటికి పిల్లల దగ్గు వినపడుతుంది బేటీ. పగలు గల్లీలో ఒక్క పిల్లాడూ కనపడడు" అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు. నాకు అది చాలు.

తెల్లవారుజామున వెళ్లాం. తలుపుకి బయట తాళం. పగలగొట్టి లోపలికి పోతే ముందు ముక్కుకి తగిలింది లక్క వాసన, దాంతో పాటు జిగురు మందు వాసన. ముగ్గురు పిల్లలు కింద గోనెల మీద పడుకుని ఉన్నారు. నాలుగోవాడు గాజుల డబ్బాల వెనక నక్కాడు. నేను వంగి చెయ్యి చాపితే వాడు లేచి నిటారుగా నిలబడి, నేనేమీ అడగకముందే "మేరీ ఉమర్ అఠారా సాల్ హై" అన్నాడు, నాకు పద్దెనిమిదేళ్లు అని. నా నడుము దాకా కూడా రాడు వాడు. మిగిలిన ముగ్గురూ అదే మాట చెప్పారు. అందరికీ ఒకటే పాఠం నేర్పారు.

వాళ్ల పేర్లు నేను ఎక్కడా రాయను, బాలల న్యాయ చట్టం ఒప్పుకోదు. డబ్బాల వెనక దొరికినవాణ్ని ఇక్కడ చిన్నోడనే అంటాను.

స్టేషన్లో మా హెడ్ కానిస్టేబుల్ అక్క వాళ్ల చేతులు కడగబోయి ఆగిపోయింది. చూపుడు వేలు, బొటనవేలు చివర్లు నల్లగా కాయలు కట్టి ఉన్నాయి. గోళ్ల సందుల్లో లక్క గడ్డకట్టింది. పాత బొబ్బల మీద కొత్త బొబ్బలు. కొబ్బరినూనె రాసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, దూదితో తీస్తూ కూర్చుంది. తర్వాత ఊరు కనుక్కుందామని ఆధార్ మిషన్ మీద చిన్నోడి వేలు పెట్టించాం. ముద్ర పడలేదు. ఇంకో వేలు పెట్టించాం, అదీ పడలేదు. పదేళ్లు నిండని పిల్లాడి వేలిముద్రలు అరిగిపోవడం నా సర్వీసులో నేను అంతకు ముందు చూడలేదు.

24 గంటల్లోపు వాళ్లను బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. ఈలోగానే ఫోన్లు మొదలయ్యాయి. "బాల కార్మిక చట్టం కింద రాసి పంపించెయ్యమ్మా, ఎందుకు లాగుతావు" అని ఒకరు. "పిల్లలు ఊరికి పోతారు, నీ లెక్కలో నలుగురు పడతారు, ఇంకేం కావాలి" అని మరొకరు. ఇక్కడే అసలు పోరాటమంతా ఉంది. బాల కార్మిక చట్టం కింద మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి రెండేళ్ల శిక్ష, లేదంటే 20 వేల నుంచి 50 వేల జరిమానా. జరిమానా పడేస్తే చాలు, గది నడిపే కాంట్రాక్టర్ దాన్ని వ్యాపారం ఖర్చుల్లో రాసుకుంటాడు, వచ్చే నెల ఇంకో నలుగుర్ని తెప్పిస్తాడు. అదే మనుషుల అక్రమ రవాణా అని, భారత శిక్షా స్మృతి 370 కింద రాస్తే, ఒకరి కంటే ఎక్కువమంది మైనర్లుంటే 14 ఏళ్లకు తక్కువ పడదు, యావజ్జీవం కూడా పడొచ్చు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 143. సెక్షన్ మారితే కేసే మారిపోతుంది. గదిలో కూర్చున్నవాడు ఒక్కడే కాకుండా, ఊళ్లో పిల్లాణ్ని ఏరినవాడు, రైలెక్కించినవాడు, స్టేషన్లో దింపుకున్నవాడు, అందరూ ముద్దాయిలవుతారు.

370 రాయడం తేలిక, నిలబెట్టడం కష్టం. పిల్లాణ్ని ఆశపెట్టి తెచ్చారని, దోపిడీ కోసమే తెచ్చారని రుజువు కావాలి. ఆ రుజువు బియ్యం డబ్బాలో దొరికింది. కాంట్రాక్టర్ చిట్టా పుస్తకం. హిందీలో రాసుకున్నాడు. పిల్లాడి పేరు, తండ్రి పేరు, ఊరు, పేషగీ, అంటే ముందిచ్చిన అప్పు, ఎంత, ఏ తారీఖున ఇచ్చాడు, ఎవరి చేతికి ఇచ్చాడు. దాని కింద వరసగా కోతలు. సబ్బు, జ్వరం మాత్రలు, రైలు టిక్కెట్టు, పగిలిన గాజులు. చిన్నోడి పేజీలో మాత్రల ఖర్చు మాటిమాటికీ ఉంది. వచ్చిన నాటికంటే వాడి బాకీ పెరిగింది. రోజూ అర్ధరాత్రి దాకా పనిచేసే పిల్లాడు బాకీ పడ్డాడు! ఆ పుస్తకం పంచనామాలో ఎక్కించి పంచుల సంతకాలయ్యేదాకా నా చేతిలోంచి కింద పెట్టలేదు.

ఆ పుస్తకం వల్లే ఇది వెట్టి అని తేలింది. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976 నాటిది. దాని ప్రకారం ఆ అప్పు చెల్లదు. రెవెన్యూ అధికారి విడుదల పత్రం ఇస్తే పునరావాసం డబ్బూ వస్తుంది. ఆ కాగితం కోసం నేను ఆఫీసు వరండాలో కూర్చుని కూర్చుని, అక్కడి అటెండర్లందరికీ ముఖపరిచయం అయ్యాను. "ఈ పత్రం ఇస్తే మా డివిజన్లో వెట్టి ఉన్నట్టు ఒప్పుకున్నట్టు కదమ్మా" అన్నారు ఒక అధికారి. ఉంది కాబట్టే వచ్చాను సార్ అన్నాను. చివరికి ఇచ్చారు.

తర్వాతి గొడవ వయసు. కాంట్రాక్టర్ తరఫు లాయరు నాలుగు ఆధార్ కార్డులు తెచ్చాడు. నాలుగింట్లోనూ పుట్టినరోజు జనవరి 1. నలుగురికీ పద్దెనిమిది దాటాయి. చట్టం ప్రకారం వయసుకి మొదటి సాక్ష్యం స్కూలు రికార్డు, అది లేకపోతే పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఎక్స్‌రేలో ఏడాది రెండేళ్లు అటూ ఇటూ రావచ్చు, పదహారేళ్ల పిల్లాడి కేసుని కోర్టులో అదే ముంచుతుంది. అందుకే స్కూలు రిజిస్టర్ కోసం నేనే బయల్దేరాను. బిహార్ పోయే దానాపూర్ రైలు, ఒకటిన్నర రోజు ప్రయాణం, అక్కడి నుంచి గయ జిల్లా.

ముసహర్ల టోలా, అంటే వాడ, అది. ఊరి చివర మట్టి ఇళ్లు, ఎవరికీ సెంటు భూమి లేదు. స్కూల్లో హెడ్మాస్టర్ బీరువా పైనుంచి రిజిస్టర్ దించి దుమ్ము దులిపారు. చిన్నోడి పేరు రెండో తరగతిలో ఉంది. సగం ఏడాది హాజరు, తర్వాత వరసగా గైర్హాజరు. ఆ పేజీ నకలు మీద ఆయన సంతకం పెడుతూ, "ఇలా ఆగిపోయిన వరసలు ఇంకా ఉన్నాయి, చూస్తారా?" అని అడిగారు. చూశాను. రాసుకున్నాను కూడా. కొందరు జైపూర్ పోయారని ఊళ్లో చెప్పారు. అక్కడా గాజుల పనే, తీసుకుపోయేదీ ఆ మనుషులే.

చిన్నోడి తండ్రి నాతో కోపంగా మాట్లాడలేదు. భయంగా మాట్లాడాడు. తీసుకెళ్లినవాడు పరాయివాడు కాదు, అదే ఊరివాడు. భార్య కాన్పు కష్టమై రాత్రికి రాత్రి గయ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే జీపు పెట్టించింది అతనే. "పిల్లాడికి పని నేర్పిస్తా, తిండి పెడతా, నెలనెలా పంపిస్తా అన్నాడు మేడమ్" అన్నాడు. పంపాడా అంటే తల అడ్డంగా ఊపాడు. తర్వాత తనే అడిగాడు. "మీరు వాణ్ని తెచ్చి నాకప్పగిస్తారు, సరే. ఆ అప్పు ఎవరు తీర్చాలి?" చట్టప్రకారం ఆ అప్పు లేనే లేదని చెప్పాను, విడుదల పత్రం చూపించి పంచాయతీ ముఖియా చేత చదివించాను. ఆయన విన్నాడు గానీ నమ్మలేదు. నేను రైలెక్కి వెళ్లిపోతాను, అప్పిచ్చినవాడు ఆ ఊళ్లోనే ఉంటాడు. ఆయన భయంలో తప్పేమీ నాకు కనపడలేదు.

తిరిగొచ్చేసరికి నా మీద అర్జీ పడి ఉంది. పనివాళ్లను కొట్టానని, డబ్బు అడిగానని. విచారణ జరిగింది, ఏమీ లేదని తేల్చారు. కానీ అది నడిచినన్నాళ్లూ నేను డ్యూటీకి తలొంచుకుని వెళ్లలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. ఇంకో రోజు నేను కోర్టులో ఉండగా ఎవరో ఇంటికొచ్చి, మా పాప ఏ స్కూల్లో చదువుతోందని మా అత్తయ్యను అడిగారట. ఆమె తలుపేసి నాకు ఫోన్ చేసింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆమే అంది, "పాపను తీసుకురావడం, దింపడం ఇక నా పని. నువ్వు ఆ పిల్లల సంగతి చూడు." ఆ యేడంతా డెబ్బై దాటిన మనిషి రోజూ స్కూలు గేటు దగ్గర నిలబడింది.

90 రోజుల్లోపు ఛార్జిషీటు వెయ్యకపోతే ముద్దాయిలకు బెయిలు హక్కవుతుంది. గడువులోగా వేశాం. అయినా కొన్నాళ్లకు బెయిలొచ్చింది. ఊరివాడు, ఆ జీపు పెట్టించినవాడు, బెయిలు మీద బయటికొచ్చి మాయమయ్యాడు. ఆపైన కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి.

లాక్‌డౌన్ తర్వాత ఊళ్లలో కూలి లేదు. 2021లో రాజస్థాన్ నుంచి ఒక ఫోన్. జైపూర్‌లో గాజుల గదిలో పిల్లలు దొరికారు, అందులో ఒకడు "నన్ను హైదరాబాద్‌లో కూడా పోలీసులు పట్టుకెళ్లారు" అంటున్నాడని. మేం ఇంటికి పంపిన చిన్నోడే. పునరావాసం డబ్బులో తక్షణ సాయం ఒక్కటే ఆ ఇంటికి చేరింది. మిగతాది ముద్దాయికి శిక్ష పడ్డాకే ఇస్తారు. కేసు మా దగ్గర నానుతుంటే, వాడు మళ్లీ అదే కుంపటి ముందు కూర్చున్నాడు. ఆ రాత్రి నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా.

సాక్ష్యం ఎలా చెప్పించాలన్నదే పెద్ద బెంగ. పిల్లాడు అంత దూరం నుంచి రావాలి, తండ్రి కూలి పోతుంది, వాయిదా పడితే మళ్లీ రావాలి. ఇలాగే సాక్షులు రాక ఎన్నో కేసులు కొట్టేస్తారు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇలా వేరే రాష్ట్రాలకు తరలిపోయిన పిల్లలు తమ జిల్లా నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పేలా పద్ధతి పెట్టి, దాన్ని అమలు చేయమంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు ఆ ఆదేశం పట్టుకుని పిటిషన్ వేశారు. చిన్నోడు గయలో కూర్చున్నాడు, మేం ఇక్కడ కోర్టు హాల్లో.

తెర మీద వాడు కనపడగానే గుర్తుపట్టలేకపోయాను. ఎదిగాడు, గొంతు మారింది. డిఫెన్సు లాయరు మర్యాదగానే అడిగాడు.

"తిండి పెట్టేవారా?"

"పెట్టేవారు."

"కొట్టేవారా?"

"నగ్ వంకరగా పెడితే కొట్టేవారు."

"మరి ఎందుకు పారిపోలేదు?"

"తాళం ఉండేది. తాళం తీసినప్పుడు ఎటు పోవాలో తెలిసేది కాదు."

"ఇదంతా పోలీసులు చెప్పమన్నారా?"

"కాదు. మొదట నాకు పద్దెనిమిదేళ్లని చెప్పమన్నది కార్ఖానావాళ్లు. అది చెప్పాను. ఇది నేనే చెప్తున్నా."

జడ్జిగారు ఆ జవాబును పూర్తిగా రాయించారు. చిట్టా పుస్తకాన్ని, స్కూలు రిజిస్టర్ నకలును హెడ్మాస్టర్ సాక్ష్యంతో సహా ఒప్పుకున్నారు. కాంట్రాక్టర్ మీద 370 నిలబడింది, జైలుకు పోయాడు. తీర్పు వినడానికి పక్కింటి ముసలమ్మను తీసుకెళదామనుకున్నాను, అప్పటికే ఆమె లేదు.

ఊరివాడి మీద నాన్ బెయిలబుల్ వారెంటు అలాగే ఉంది. అతని ఫోటో గయ, దానాపూర్, సికింద్రాబాద్ రైల్వే పోలీసుల దగ్గర ఉంది. నాకు బదిలీ అయింది గానీ, నా తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్టర్ కూడా ఈ వారెంటు వదలడం లేదు. శిక్ష పడింది కాబట్టి పిల్లలకు రావాల్సిన మిగతా డబ్బు ఇప్పించాలని తీర్పు కాపీ జతచేసి కలెక్టరేట్‌కు రాశాను. ఫైలు గయకు పంపామని చెప్పారు, గయవాళ్లు అందలేదంటున్నారు. సోమవారం ఆ ఫైలు నంబరు పట్టుకుని మళ్లీ కలెక్టరేట్‌కు పోతున్నాను.